ఒకే ట్రైలర్‌లో రెండు రాళ్లు

మా ఆయన పోయాక చూడడానికి వచ్చినవాళ్లంతా కాసేపు కూర్చుని, ప్రార్థన చేసి, వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి ఒకే మాట అడిగేవాళ్లు. బండి అమ్మేస్తావా అని. వాకిట్లో పెద్ద డీజిల్ పికప్పు, దాని వెనక తగిలించే ట్రైలరు ఆయన ఆపిన చోటే నిలబడి ఉండేవి. అమ్ముతానని గానీ అమ్మనని గానీ నేను చెప్పలేదు. చూద్దామన్నాను. ఆ రోజుల్లో నాకు దేని గురించీ ఏమీ అనిపించేది కాదు. అన్నం ముందు పెడితే తిన్నాను. పడుకోమంటే పడుకున్నాను. ఎవరైనా కౌగిలించుకుని ఏడిస్తే వాళ్ల వీపు నిమిరాను.

మాది నంద్యాల. ఆయన చాలా ఏళ్లు ఒక రైస్ మిల్లులో పనిచేసి, మానేసి, ఆ పికప్పు కొన్నాడు. లారీ తిరగలేని సందుల్లోకి, ట్రాక్టర్ మీద పోతే పొద్దుగూకిపోయే దూరాలకు బరువులు చేరవేయడం ఆయన పని. ట్రైలరును వెల్డింగ్ షాపులో దగ్గరుండి చేయించుకున్నాడు. నేలకు బాగా దగ్గరగా ఉంటుంది, దానికి వేరే బ్రేకులు ఉంటాయి. మిల్లు యంత్రాలు, జనరేటర్లు, అన్నింటికన్నా ఎక్కువగా ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహాలు అందులో పోయేవి. ఆంజనేయులు, వినాయకులు, నందులు. మేము చర్చికి పోయేవాళ్లమే గానీ, మా ఇంట్లో అన్నం ఎక్కువగా ఆ దేవుళ్ల బరువు మోసే వచ్చింది.

నేను అప్పట్లో ఒక చిన్న బడిలో టీచర్‌ని. ఆయనకు షుగర్ ముదిరి కాలి వేళ్లు తీసేశాక, ఒకరోజు వాకిట్లో బండి ఆపి, దిగకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాడు. దగ్గరికి పోయి ఏమైందని అడిగాను.

"బ్రేకు మీద కాలు ఉండాదో లేదో తెలుస్తాలే" అన్నాడు. "వంగి చూసుకుని తొక్కతాండా."

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయిపోగానే నన్ను మిల్లు వెనక ఖాళీ స్థలానికి తీసుకుపోయి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. ముందుకు నడపడం తొందరగానే వచ్చింది. ట్రైలరు తగిలించి వెనక్కి నడపడం మాత్రం నా ప్రాణం తీసింది. అది కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. తిప్పిన చేయి వెంటనే వెనక్కి తీసుకోవాలి, లేకపోతే బండీ ట్రైలరూ కత్తెరలా మడుచుకుపోతాయి. ఆయన పక్క సీటులో కూర్చుని కోపం లేకుండా, మెచ్చుకోకుండా, చెప్పిందే చెప్పేవాడు.

"అద్దంలో చూడు, నా మొగం కాదు. బరువు ముందర పెట్టించుకో. ఎనక బరువైతే ట్రాలీ తోక ఊపుతాది. దిగుడులో బ్రేకు తొక్కొద్దు, గేరుతో దిగు. ఊగితే భయపడి బ్రేకు కొట్టినావంటే ఇద్దరమూ పోతాం."

బడి మానేశాను. ఇద్దరం కలిసి తిరిగాం. నేను నడిపేదాన్ని, ఆయన పక్కన కూర్చునేవాడు. సైటులో దిగగానే మేస్త్రీలు ఆయనతోనే మాట్లాడేవాళ్లు, నేను టార్పాలిన్ తాళ్లు విప్పేదాన్ని. మళ్లీ కాలికి పుండు పడి, జ్వరం వచ్చి, కర్నూలు ఆసుపత్రిలో చేర్చాక, ఒక ఉదయం నేను క్యాంటీనులో ఇడ్లీ కట్టించుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. నర్సు ఏదో చెబుతుంటే నేను పొట్లం ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూశానని మాత్రం గుర్తుంది.

ఆయన అక్క, మా వదిన, అంతకుముందు నుంచే మాతో ఉండేది. తమ్ముడి కోసం ఆమె గట్టిగా ఏడ్చింది, రోజూ ఏడ్చింది. నేను ఏడవడం లేదని ఆమెకు భయం పట్టుకుంది.

"ఏడువమ్మే," అనేది. "ఏడ్సకపోతే లోపల గడ్డకట్టుకుంటాది. నోరు తెరిచి ఏడువు."

వస్తే ఏడవనా అనుకునేదాన్ని. పైకి అనలేదు.

శనగ పీకే రోజులు. ఆళ్లగడ్డ నుంచి శిల్పి ఫోన్ చేశాడు. ఆయన మా ఆయనకు పాత స్నేహితుడు. సంజామల పక్క ఒక ఊరివాళ్లు పెద్దమ్మ విగ్రహం చెక్కించుకున్నారట. చేర్చే పని మా ఆయన బతికున్నప్పుడే ఒప్పుకున్నాడు. ప్రతిష్ఠకు రోజు పెట్టుకున్నారు.

"వేరే బండి చూసుకోమంటావా అక్కా?" అన్నాడు.

"వద్దు. నేనొస్తా" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు.

సరేనని, "అన్న రాయి గూడా అయిపాయె" అన్నాడు. సమాధి మీద నిలబెట్టడానికి రాతి సిలువ, పేరు చెక్కిన పలక చేయమని వదిన ఆయనకు చెప్పింది. "రెండూ ఒకేతూరి ఏసుకుపోతావా? మళ్లీ ఒక తిరుగుడు ఎందుకు?"

సరేనన్నాను. సంజామల నుంచి బనగానపల్లె మీదుగా నంద్యాల తిరిగి వస్తే దారి కలుస్తుంది. నాకు అందులో దారి తప్ప వేరే ఏమీ కనిపించలేదు.

నన్ను ఒంటరిగా పంపనని వదిన కూడా బయలుదేరింది. పక్క సీటులో బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆళ్లగడ్డలో ఆ వీధి పొడుగునా రాతి దుమ్ము. కోత యంత్రాల రొదలో మనిషి మాట వినిపించదు. క్రేను విగ్రహాన్ని లేపింది. కూర్చున్న పెద్దమ్మ, ఒంటినిండా గోనెసంచులు, వరిగడ్డి చుట్టి ఉన్నాయి, మొహం కూడా కనిపించదు. శిల్పి గాలిలో వేలాడే విగ్రహం కింద చేయి పెట్టి మెల్లగా దించించాడు. ఎంత ముందుకు పెట్టాలో నేను చెప్పాను. పాత టైర్ల మీద ఆమె కూర్చోగానే పికప్పు వెనక భాగం ఒక్కసారి కిందికి దిగి, నిలిచింది. తర్వాత సిలువను, పలకను ట్రైలరు వెనక వైపు పడుకోబెట్టారు.

టార్పాలిన్ కప్పేముందు శిల్పి పలక మీద దుమ్ము తన తువ్వాలుతో తుడిచి, "అక్షరాలు బాగుండాయా అక్కా?" అని అడిగాడు.

మా ఆయన పేరు అంత పెద్దగా రాసి నేను ఎప్పుడూ చూడలేదు. బాగున్నాయన్నాను. గొలుసులు ఇంకొంచెం బిగించమన్నాను.

కోయిలకుంట్ల రోడ్డు మీద రెండు వైపులా నల్లరేగడి చేలు, పీకిన శనగ కుప్పలు. బరువు లాగేటప్పుడు బండి మాట మారుతుంది. ఇంజను గొంతు లావవుతుంది, మలుపులు ముందుగానే మొదలుపెట్టాలి, ఆపాలనుకున్న చోటుకు చాలా ముందు నుంచే ఆపుతూ రావాలి. కుందూ వంతెనకు ముందు రోడ్డు దిగుడు ఉంటుంది. నేను గేరు తగ్గించి దిగుతుంటే వెనక నుంచి ఒక బస్సు హారన్ కొడుతూ మమ్మల్ని రాసుకుంటూ దాటిపోయింది. దాని గాలికి ట్రైలరు ఊగింది. మొదట చిన్నగా ఊగింది, తర్వాత పికప్పు వెనకభాగాన్ని పట్టుకుని అటూ ఇటూ గుంజింది. అద్దంలో పెద్దమ్మ గోనె మూట ఒకసారి కుడివైపు కనిపించింది, ఒకసారి ఎడమవైపు.

"ప్రభువా, ప్రభువా," అని వదిన డాష్‌బోర్డు రెండు చేతులా పట్టుకుంది.

నేను యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాను. బ్రేకు ముట్టుకోలేదు. స్టీరింగు నిటారుగా పట్టుకుని ఊరకే ఉన్నాను. ఊగి ఊగి అది తానే సర్దుకుంది. వంతెన దాటాక వదిన వైపు చూస్తే, ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంటోంది, చేతులు వణుకుతున్నాయి. నా చేతుల వైపు చూసుకున్నాను. వణకడం లేదు. గుండె కూడా మామూలుగానే కొట్టుకుంటోంది. అప్పుడు మాత్రం నాకు కొంచెం దిగులు వేసింది, నాకు భయం ఎందుకు పుట్టలేదా అని. అది కూడా ఎవరికో వేసిన దిగులులా ఉంది.

ఊరి పొలిమేరలో జనం ఎదురొచ్చారు. తప్పెట్లు, వేపమండలు, పసుపునీళ్ల బిందెలు ఎత్తుకున్న ఆడవాళ్లు. ఎవరో బానెట్ మీద కుంకుమ పెట్టారు, చక్రం ముందు టెంకాయ కొట్టారు. వదిన కిటికీ అద్దం పైకెత్తుకుంది. నేను దిగి తాళ్లు విప్పుతున్నాను. విగ్రహం చూడాలన్న ఆత్రంతో ఒక యువకుడు ట్రైలరు వెనక ఎక్కి టార్పాలిన్ ఎత్తాడు.

"ఇదేందీ? సమాధి రాయి గదా!"

తప్పెట్లు ఆగిపోయాయి. ముందు దగ్గరగా ఉన్నవి, తర్వాత దూరంగా ఉన్నవి. తెల్ల మీసాల పెద్దమనిషి ఒకాయన వచ్చి చూసి, నా వైపు తిరిగాడు.

"ఎవురిదిది?"

"మా ఇంటాయనది" అన్నాను.

"మా అమ్మను పీనుగు రాయితో కలిపి తెస్తావా? బుద్ధుండాల్సిన పని లే?"

నాకు కోపం రాలేదు. సిగ్గు కూడా వేయలేదు. ఆయన చెప్పేది న్యాయమేనేమో అనిపించింది. "దారి ఒకటేనని ఏసుకొస్తి అన్నా," అన్నాను. "దించుకుంటే దించుకోండి. వద్దంటే ఎనక్కి తీస్కపోతా."

జనంలో మాట మీద మాట లేచింది. ప్రతిష్ఠ ఆపాలని ఒకరు, రోజు దాటితే మళ్లీ దొరకదని ఒకరు. ఒక ఆడమనిషి తన బిందె ఎత్తుకుని ఊళ్లోకి వెనక్కి వెళ్లిపోయింది. వదిన కిటికీ దించి, "పోదాం రామ్మే, ఈ మాటలు మనకెందుకు" అని పిలుస్తోంది.

అప్పుడు పెద్దమ్మకు పూజ చేసే ముసలావిడను ఎవరో చేయి పట్టుకుని తీసుకొచ్చారు. నడుము వంగిపోయింది, మాట మాత్రం గట్టిగా ఉంది. ఆమె ట్రైలరు అంచు పట్టుకుని రెండు రాళ్లనూ చూసింది. గోనె పక్కకు లాగి విగ్రహం మీద చేయి పెట్టింది. తర్వాత సిలువ మీద కూడా పెట్టింది.

"యాడ చెక్కినారు?" అని నన్ను అడిగింది.

"ఆళ్లగడ్డలో. రెండూ ఒకాయనే."

ఆమె పెద్దమనిషి వైపు తిరిగింది. "అమ్మకు ఇంకా కండ్లు తెరిపించలే గదప్పా. తెరిపించేదాకా ఇదీ రాయే, అదీ రాయే. యా రాయికి మైల? నీళ్లు పోయండి, పొద్దు పోతాండాది."

ఆయన ఏదో గొణిగాడు, కానీ పక్కకు జరిగాడు. ఆడవాళ్లు బిందెలు ఎత్తి పసుపునీళ్లు విగ్రహం మీద పోశారు. బండి ముందు వైపు కొంచెం ఎత్తులో ఆగి ఉండడం వల్ల ట్రైలరు వెనక్కి వాలి ఉంది. నీళ్లు గోనెల్లోంచి, గడ్డిలోంచి కారి వెనక్కి పారి, సిలువ కిందికీ పలక మీదికీ వచ్చేశాయి.

ఇప్పుడు వదిన తలుపు తీసుకుని ఒక్క ఉదుటున దిగింది. "పసుపునీళ్లు! మా తమ్ముని రాయి మీద!" అని కొంగుతో పలక తుడవసాగింది. తుడిచేకొద్దీ పసుపు అక్షరాల్లోకి దిగుతోంది. ముసలావిడ ఆమె వైపు చూసి, "ఏం కాదులే తల్లీ, సల్లగుంటాడు" అంది. వదిన తుడుస్తూనే ఉంది.

గుడి దగ్గరికి సందు ఇరుకు. నేరుగా పోతే తిరగడానికి చోటు లేదు, వెనక్కే పోవాలి. నేను అద్దాల్లో చూసుకుంటూ అంగుళం అంగుళం వెనక్కి పోనిచ్చాను. మలుపు దగ్గర ఒక చక్రం మెత్తటి మట్టిలో దిగబడింది. మగవాళ్లు కందికట్టె తెచ్చి చక్రం కింద వేసి నెట్టారు. అక్కడ సిద్ధంగా ఉంచిన జేసీబీ పెద్దమ్మను ఎత్తుకుంది. ఆమె లేవగానే పికప్పు వెనకభాగం పైకి లేచింది, ట్రైలరు తోక కిందికి కుంగింది. తప్పెట్లు మళ్లీ మొదలయ్యాయి. అందరూ ఆమె వెనకే పోయారు.

ఇప్పుడు ట్రైలరులో వెనకపక్క సిలువ, పలక మాత్రమే ఉన్నాయి. అలా పోతే దారంతా ఊపుతుంది. వాటిని ముందుకు జరపాలి. నా వల్లా వదిన వల్లా అయ్యే పని కాదు. గుడి అరుగు మీద కూర్చున్న కొందరు మగవాళ్లను అడిగాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు. నేను మళ్లీ అడగలేదు, గడ్డపార తీసి సిలువ కింద దూర్చాను. అంతలో టార్పాలిన్ ఎత్తి అరిచిన ఆ యువకుడే జేసీబీ దగ్గర నుంచి వచ్చి ట్రైలరు ఎక్కాడు.

"యాడికి జరపల్ల?" అన్నాడు.

"ముందరికి. కొక్కెం పక్కకి."

అతను వంగి పట్టగానే ఇంకో ఇద్దరు వచ్చారు. గడ్డపారలతో తోసి, కింద గోనెలు పరిచి ముందుకు తెచ్చారు. నేను గొలుసు బిగిస్తుంటే అతను అక్కడే నిలబడి పలక మీద పేరు చదివాడు.

"ఏమైండె ఆయనకు?"

"షుగరు."

"మా నాయనకూ షుగరే" అన్నాడు. కిందికి దూకి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

బయలుదేరే ముందు ఒకామె చిత్రాన్నం పొట్లాలు తెచ్చి వదిన చేతిలో పెట్టింది. ఊరు దాటాక చెట్టు నీడలో ఆపాను. వదిన పొట్లం విప్పి వాసన చూసి చాలాసేపు ఆలోచించింది. విగ్రహాలకు పెట్టింది ఆమె జన్మలో ముట్టలేదు. చివరికి, "ఇంకా కండ్లే తెరిపించలేదనె గదా ఆ ముసలామె. ఇది ఉత్త చిత్రాన్నమే" అని తినడం మొదలుపెట్టింది. నాకు నవ్వు రావలసిన చోటు అది. రాలేదు గానీ, వచ్చే చోటు అని మాత్రం తెలిసింది. నేనూ తిన్నాను. ఉప్పు కొంచెం ఎక్కువైంది.

బనగానపల్లె తోటల మధ్య నుంచి వస్తుంటే మామిడి పూత వాసన క్యాబిన్‌లోకి కొట్టింది. సమాధుల తోటకు చేరేసరికి ఎండ వాలింది. గేటు ఇరుకు, దాన్ని కూడా వెనక్కే ఎక్కించాను. పాస్టర్ అయ్యగారు, మేస్త్రీ, చర్చివాళ్లు కొందరు సిమెంటు కలిపి సిద్ధంగా ఉన్నారు. అందరూ కలిసి సిలువను తాళ్లతో లేపి నిలబెట్టారు. పలక పెట్టేటప్పుడు అయ్యగారు అక్షరాల్లో పసుపు చూశారు. ఆయన అడగకముందే వదిన మొత్తం చెప్పేసింది, చిత్రాన్నం సంగతి తప్ప.

అయ్యగారు ఒక అక్షరంలో వేలు పెట్టి గీకి చూసి, "ఎండకు ఎలిసిపోతుందిలేమ్మా" అన్నారు. ప్రార్థన చేశారు. వదిన పలక మీద తల ఆనించి ఏడ్చింది. అందరూ నా వైపు చూశారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. సిమెంటు ఆరేదాకా ఎవరూ ఆనుకోకూడదని మేస్త్రీ చెప్పాడు కదా, వదిన తల ఎత్తితే బాగుండు అనుకున్నాను. అంతే. తర్వాత బండి దగ్గరికి పోయి చక్రాలు వేడెక్కాయేమో చేత్తో తాకి చూశాను.

బండి అమ్మలేదు. అమ్మకూడదని నిర్ణయించుకున్నదేమీ లేదు. శిల్పి మళ్లీ ఫోన్ చేశాడు, పోయాను. తర్వాత ఒక మిల్లువాళ్లు చేశారు, పోయాను. సైటులో ఇప్పుడు మేస్త్రీలు నాతోనే మాట్లాడతారు, వేరే ఎవరూ లేరు కాబట్టి.

ఎండలు ముదిరాక ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి వినాయకుడిని వేసుకుని వస్తూ, దారిలో పాత డీజిల్ బంకు దగ్గర ఆగాను. ఆయన ఉన్నప్పుడు ఎప్పుడూ ఆగే బంకే. చాలా రోజులుగా అటు ఆగలేదు. డీజిల్ పట్టే పెద్దాయన నన్ను చూసి నవ్వి, పక్క సీటు వైపు తొంగి చూశాడు.

"అన్న యాడమ్మా?"

"ఎనక లోడు చూసుకుంటాండాడు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. పెద్దాయన డీజిల్ పట్టి, డబ్బులు తీసుకుని, పక్కనున్న టీ బంకుకు కేక వేశాడు. "రెండు టీ! ఒకటి చక్కెర లేకుండా!" గ్లాసులు రెండూ తెచ్చి బానెట్ మీద పెట్టి, వేరే బండి వస్తే అటు పోయాడు. నేను నా టీ తాగాను. తర్వాత రెండో గ్లాసు తీసుకుని అది కూడా తాగాను. చప్పగా, చేదుగా ఉంది. ఇన్నేళ్లూ ఆయన ఇదా తాగింది అనుకున్నాను. పెద్దాయన ఇటు తిరిగేలోపు బండి ఎక్కి వచ్చేశాను.

సాయంత్రం వదిన బియ్యం ఏరుతుంటే ఆ సంగతి చెప్పాను. ఆమె చేయి ఆపింది.

"పోయినాడని చెప్పకూడదా ఆయప్పకు?"

"నోరు రాలే వదినా" అన్నాను.

ఆ మాట అంటుంటే దగ్గు వచ్చింది. వదిన నా వైపే చూస్తూ, ఇంకేమైనా వస్తుందేమోనని చాలాసేపు ఎదురు చూసింది. ఏమీ రాలేదు. ఆమె మళ్లీ బియ్యం ఏరుకుంది. నేను తెల్లారి పోవలసిన బండికి గాలి సరిపోయిందో లేదో చూద్దామని వాకిట్లోకి వెళ్లాను.